పన్నెండు పల్లీల పరీక్ష

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే మనిషికి కనీసం మోకాళ్ల నొప్పులైనా ఉండాలి. నాకు ముప్పై నాలుగేళ్లు. పింఛను లేదు, ఎవరూ శాలువా కప్పలేదు, గోడగడియారం ఇవ్వలేదు. కాంట్రాక్టు ముగిసింది, మళ్లీ దరఖాస్తు పెట్టుకోలేదు, అంతే. కానీ నా తర్వాత ఆ గదిలోకి ఇద్దరు కొత్త టెక్నీషియన్లు వచ్చారట. డ్రాయర్‌లో ఉన్న స్టాప్‌వాచ్ దేనికో వాళ్లకు తెలియట్లేదని ఫోన్లో విన్నాను. ప్రతి మిషన్‌కూ ఒక పుస్తకం వస్తుంది, ఎట్లా వాడాలో చెప్పడానికి. స్టాప్‌వాచ్‌కు ఎవరూ రాయరు. ఇది అదే అనుకుని చదవండి.

మీరు ఆ ఇద్దరైతే, మీకు తెలిసిన గదే. యూనివర్సిటీలో తార్నాక వైపు గేటు దాటి లోపలికి పోతే, ఇంజనీరింగ్ వాళ్లు వదిలేసిన పాత వర్క్‌షాప్. పొట్టను పెద్దగా కోయకుండా మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి మూరెడు పొడుగు పనిముట్లు దింపి, టీవీ తెర చూస్తూ చేసే ఆపరేషన్లుంటాయి కదా, వాటిని డాక్టర్లకు అక్కడ నేర్పుతారు. మొదటిసారే మనిషి మీద నేర్చుకుంటే ఆ మనిషికి కష్టం. కాబట్టి ముందు మా డబ్బాల మీద. పొట్ట అంటే మా దగ్గర ప్లాస్టిక్ డబ్బా. దానికి మూతగా స్పాంజి, రెక్సిన్ కలిపి కుట్టిన చర్మం. లోపల ఒకరోజు బెలూన్, ఒకరోజు కోడి తొడ.

పనిముట్టు రంధ్రంలోంచి పోతుంది కాబట్టి లోపల అంతా తిరగబడుతుంది. చెయ్యి కుడికి పోతే మొన ఎడమకు పోతుంది. పైకెత్తితే కిందికి దిగుతుంది. మా ఇంట్లో మా పెద్దనాన్న మాట చెల్లుబాటయ్యే పద్ధతి అది. డాక్టర్లు మాత్రం మొదటి వారం దీనికి ఏడుస్తారు. నిజంగానే. నేను టిష్యూ పేపర్లు ఎక్కువగా తెప్పించింది కోడి మాంసం తుడవడానికి కాదు.

డబ్బాల మూతలు కుట్టేది మా అక్క. సొంత అక్క కాదు. మల్కాజ్‌గిరిలో బ్లౌజులు కుట్టే దుకాణం నడిపి, కళ్లు మంటలని మూసేసి, మా గదిలో కుట్టుమిషన్ ముందు తేలింది. చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద పొర, మూడూ మూడు రకాల బట్టతో కుట్టేది. "ఇది నలభై రెండు సైజు పొట్ట, ఇది ముప్పై ఆరు" అని సుద్దముక్కతో గుర్తు పెట్టేది. సామాను తేవడం నా పని. తార్నాకలో బెలూన్లు అమ్మే ఆయన, "ఏం అన్నా, వారం వారం బర్త్‌డేనా మీ ఇంట్ల?" అనేవాడు. చికెన్ షాపు ఆయనది ఇంకో బాధ.

"అందరు స్కిన్ తీసెయ్ అంటరు. నువ్వొక్కనివే స్కిన్ తోని కావాలంటవ్. ఏం చేస్తవ్ భాయ్ దీన్ని?"

"డాక్టర్లు కుట్లు ఏస్తరు."

"సచ్చినంక ఏం ఫాయిదా?" అని ఆయన చాలా సీరియస్‌గా అడిగాడు.

ఇక సార్. ఆయన కడప జిల్లా మనిషి, సిటీలో పెద్ద సర్జన్. ఇల్లు తార్నాకలోనే. వారమంతా ఆస్పత్రిలో ఆపరేషన్లు చేసి, గురువారం మా దగ్గరికి నేర్పడానికి వచ్చేవాడు. ఆయన వేళ్లు చూస్తే వీణ వాయించే మనిషి అనుకుంటారు. నోరు విప్పితే ఎద్దుల సంతలో బేరగాడు. నా ఉద్యోగం రెండుసార్లు పోబోతే రెండుసార్లూ ఆపింది ఆయనే. "వీడు పోతే ఈడ నవ్వేవోడు ఎవడుండాడు?" అని ఆఫీసులో అడిగాడట. ఉద్యోగం నిలబడటానికి అంతకంటే బలహీనమైన కారణం నేను వినలేదు. అయినా నిలబడింది.

మూడు నెలలకో బ్యాచ్ వచ్చేది. ముప్పై మంది. మొదటిరోజు పాఠం ఉండేది కాదు, సార్ పరీక్ష ఉండేది. ఆయనే రాసేవాడు.

డబ్బాలో రెండు స్టీలు గిన్నెలు. ఎడమ గిన్నెలో పన్నెండు పల్లీ గింజలు. ఎడమ చేతి పనిముట్టుతో ఒక గింజ పట్టుకోవాలి, గాల్లోనే కుడి పనిముట్టుకు అందించాలి, కుడి గిన్నెలో వెయ్యాలి. తెర చూస్తూ. గింజ జారితే వెతికి ఎత్తుకోవాలి. పొట్టు ఊడితే ఆ గింజ లెక్కకు రాదు. "పొట్టు ఊడిందంటే నలిపినావని అర్థం. పేగును గూడా ఇట్లే నలుపుతావు" అనేవాడు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేవాణ్ణి. చివరి గింజ గిన్నెలో టింగుమనగానే బటన్ నొక్కి, బోర్డు పైన పెద్ద అంకెల్లో రాయాలి. ఆ మూడు నెలలూ ఆ అంకె చెరపకూడదు. దాని కింద పిల్లలు ఎవరి టైమ్ వాళ్లు రాసుకుంటారు. అంతకంటే తక్కువ సెకన్లలో ముగించి సార్ అంకె దాటినవాళ్లకు తార్నాకలో ఆయన చాయ్ ఇప్పిస్తాడు. నేనున్న ఎనిమిదేళ్లలో మామూలుగా ఆ చాయ్ తాగినవాళ్లు ఇద్దరే.

పరీక్ష అవగానే సార్ డబ్బా మూత తీసి ఆ పన్నెండు గింజలూ నోట్లో వేసుకునేవాడు. "సాక్ష్యం ల్యాకుండా చేస్తాండా" అనేవాడు. జవాబు పత్రం తినేసే మాష్టారును నేను ఇంకెక్కడా చూడలేదు. పల్లీలు ఇంట్లో వేయించి తెచ్చేది అక్క. "డాక్టర్లకు పచ్చివి పెడితే బాగుండదు" అని.

మొదట్లో ఆయన టైమ్ యాభై, యాభై ఒకటి, యాభై రెండు సెకన్లు. అటూ ఇటూ పోయేది కాదు. రైళ్లు ఆయన్ను చూసి సిగ్గుపడాలి.

ఒక వానాకాలం సార్‌కు డెంగీ వచ్చింది. మూడు వారాలు మంచం పట్టి, లేచిన నాలుగో రోజే కొత్త బ్యాచ్ ముందు నిలబడ్డాడు. చొక్కా రెండు సైజులు పెద్దదైపోయింది. తొమ్మిదో గింజ జారింది. గిన్నె అంచుకు తగిలి, డబ్బా మూలకు దొర్లింది. ఆయన దాన్ని వెతికి, ఎత్తి, వేసి, మిగతా మూడూ వేసేసరికి నా చేతిలో అరవై నాలుగు కనిపించింది.

సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "ఎంత రా?" అన్నాడు.

"యాభై రెండు సార్."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఆస్పత్రి వాళ్లు మూడు వారాలు తంటాలుపడి పెంచిన ప్లేట్‌లెట్లు నేను ఒక్క మాటతో పెంచాననిపించింది. ఆ రోజు అడిక్‌మెట్‌లో నా రూముకు పోతూ దారంతా ఈల వేశాను. అంత మంచిపని చేసిన తృప్తి నాకు అంతకుముందు లేదు. తర్వాతా లేదు.

తర్వాతి బ్యాచ్‌కు అరవై ఏడు. జ్వరం సాకు పాతబడింది. కానీ పోయినసారి యాభై రెండు రాసి ఈసారి అరవై ఏడు రాస్తే, సార్‌కు ఒక్కసారిగా ఏదో అయిపోయినట్టుంటుంది కదా? యాభై మూడు రాశాను. ఆ తర్వాత డెబ్బై దాటింది. యాభై రెండు రాశాను. అబద్ధానికి కూడా ఒక తీరు ఉండాలి, ఉన్నట్టుండి ఎగరకూడదు. మధ్యలో ఒకసారి యాభై ఒకటి కూడా రాశాను, సహజంగా కనిపించాలని. మిగతావన్నీ ఎట్లాగో మింగాను గానీ, ఆ యాభై ఒకటి గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

మొదట నోటితో తగ్గించి చెప్పేవాణ్ణి. తర్వాత ఎవరైనా వాచ్ చూస్తారేమోనని బటన్ ముందే నొక్కడం నేర్చుకున్నాను. పదకొండో గింజకు. తర్వాత పదో గింజకు. చివరికి ఎనిమిదో గింజకే నొక్కేవాణ్ణి. మిగతా నాలుగు ఉచితం. పట్టుబడలేదు. ఎందుకంటే గదిలో అందరూ తెర చూస్తారు. వాచ్ చూసేది నేనొక్కణ్ణే. నన్ను చూసేది ఒక్క అక్క.

ఒకరోజు సార్ వెళ్లిపోయాక మిషన్ ఆపి అడిగింది.

"ఎనిమిది గింజలకే ఆపినవ్ గదా?"

"ఎనిమిదో, పన్నెండో... నువ్వు లెక్కపెట్టినవా అక్కా?"

"వేయించింది నేను. చప్పుడు గూడ లెక్కపెడ్త." సూదిలో దారం ఎక్కించుకుంటూ అంది. "నా దుకాణం కాడికి ఒకామె వస్తుండె. లావైన అంటే ఏడ్సేది. ఆమె మొఖం సూడలేక టేపు మీద రెండించులు తక్కువ చెప్పి, తక్కువే కుట్టిన. కొలత తక్కువ రాస్తే మనిషి సన్నగ గాదు తమ్మీ. పెండ్లిల చేయెత్తంగనే బ్లౌజ్ పిగిలింది."

నేనేమన్నాను? "సార్ బ్లౌజ్ వేసుకోడు కదక్కా" అన్నాను. నవ్వలేదు. మిషన్ మళ్లీ తొక్కింది.

ఇంకో గుర్తు కూడా నా కళ్ల ముందే ఉండేది. గురువారం గురువారం సామాన్ల రిజిస్టర్‌లో సార్ సంతకం పెట్టాలి. ఒకప్పుడు ఆ సంతకం నాలుగు గీతలు దాటి పక్క గడిలోకి పోయేది. మెల్లగా గడిలోకి వచ్చింది. తర్వాత గీత మీదికి వచ్చింది. చివరికి చీమ పాకినట్టు, మొదలు కొంచెం పెద్దగా, పోనుపోను సన్నగా.

"ఏంది సార్, సిరా పొదుపు చేస్తున్నరా?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "మా ఇంట్లో ఆమె గూడా అదే అంటాంది రా, చెక్కు బ్యాంకోళ్లు తిప్పి పంపినారని."

నా జోకుకు నేనే వారం రోజులు మురిసిపోయాను.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి. పాలమూరు వైపు రైతు బిడ్డ, సర్జరీ చదువుతోంది. బ్యాచ్ అయిపోయినా రోజూ నాలుగింటికి వచ్చి డబ్బా ముందు నిలబడేది. నన్ను అన్నా అనేది, నేను మేడమ్ అనేవాణ్ణి. ఆమె టైమ్ అరవై ఒకటి. ఆరు నెలలు అరవై ఒకటే. బోర్డు మీద పైన యాభై మూడు.

ఒక సాయంత్రం పనిముట్లు కడిగి ఆరబెట్టి, "నేను సర్జరీ ఇడ్సిపెడ్తున్న అన్నా" అంది. "లెటర్ రాసిన. సోమవారం ఇస్త."

"ఎందుకు మేడమ్?"

"సార్ ఆ వయసుల యాభై మూడు చేస్తున్నరు. నాకు ఇరవై ఏడు. ఆర్నెల్ల నుంచి గోడకు తలకాయ కొట్టుకున్నట్టే ఉన్నది. నా చేతులు దీనికి పనికిరావు. మా బాపు ఊరంత చెప్పుకున్నడు, బిడ్డ ఆపరేషన్లు చేస్తదని. ఆయనకెట్ల చెప్పాల్నో తెలుస్తలేదు."

నిజం నా నాలుక చివర ఉంది. దాని బదులు, "మీరు పోతే ఈ డబ్బా ఖాళీ అయితది మేడమ్, మా అక్క సాంబార్ తెచ్చుకుంటది" అని వచ్చింది. ఆమె నవ్వలేదు. బ్యాగులోంచి ఫోన్ తీసింది.

"ఒక్కటి చూడు అన్నా. సార్ చేతులెట్ల తిప్పుతున్నరో చూసి నేర్చుకుందామని పోయిన బ్యాచ్ మొదటిరోజు డెమో వీడియో తీసిన. పన్నెండు గింజలకు నిమిషం ఇరవై ఆరు సెకన్లు వస్తున్నది. నాలుగుసార్లు చూసిన." నా ముఖంలోకి చూసింది. "నా ఫోన్ల ఏమన్న గడ్‌బడ్ ఉన్నదా?"

గమనించండి, నన్ను దొంగ అనలేదు. నాకు తప్పించుకునే దారి కూడా తనే చూపించింది. ఫోన్లు అట్లనే ఉంటాయి మేడమ్ అంటే సరిపోయేది.

"ఫోన్ మంచిగనే ఉన్నది" అన్నాను.

అక్క మిషన్ ఆగిపోయింది. ఆ అమ్మాయి లెటర్ తీసి, నాలుగు మడతలు పెట్టి మళ్లీ బ్యాగులో పెట్టుకుంది. "నేనెవ్వరికి చెప్పను అన్నా. మీరే చెప్పాలె. సార్ శుక్రవారం గూడ ఆపరేషన్ చేస్తరు." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "శనివారం గూడ."

అంతవరకు నేను అబద్ధం ఆడింది బోర్డు మీద అనుకున్నాను.

మర్నాడు గురువారం, కొత్త బ్యాచ్ మొదటిరోజు. సార్ ఆస్పత్రికి పోయే పొద్దు కాదు. పొద్దున ఏడింటికి యూనివర్సిటీ రోడ్ల మీద నడిచే అలవాటు ఆయనకు. ఎదురుపోయి పక్కన నడిచాను. నాకంటే చిన్న అడుగులు వేస్తున్నాడని ఆ రోజే చూశాను. ఆయన ఎడమ చెయ్యి ఊగడం లేదు, పక్కకు వేలాడుతోంది.

"ఏమి రా, పొద్దన్నే?"

"సార్, మీ టైమ్ యాభై మూడు కాదు."

"మరెంత?"

"నిమిషం ఇరవై ఆరు."

ఆయన ఆగలేదు. ఇంకో పదడుగులు నడిచాడు. "ఎప్పట్నుంచి?"

"మీకు డెంగీ వచ్చినప్పటి నుంచి. అప్పుడు అరవై నాలుగు."

అప్పుడు ఆగాడు. రోడ్డు పక్క సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. "రెండేండ్లు" అన్నాడు. "ఎందుకు రా?"

"మీరు బాధపడ్తరని."

"నేను బాధపడ్తానని." తప్పు జవాబు విన్న పరీక్షకుడిలా తిరిగి అన్నాడు. "ఆ పల్లీలు నేను పిల్లోళ్ల కోసరం వేస్తాండాననుకుంటివా? అది నా పరీక్ష రా. మా గురువు కడాకు చెయ్యి వణుకుతాన్నా ఆపరేషన్లు చేసినాడు. చుట్టూ పదిమందిమి ఉంటిమి. చెప్పే ధైర్యం ఒగనికీ ల్యాకపాయ. నాగ్గూడా. ఆ పొద్దే అనుకుంటి, నాకు మనుషులు చెప్పరు, గడియారంతో చెప్పించుకోవల్ల అని. నిమిషం దాటిన పొద్దు మానేద్దామనుకుంటి."

నిమిషం. నా మొదటి అబద్ధమే ఆ గీతకు అవతల పుట్టింది.

"ఇంట్లో ఆమె చెప్తానే ఉండాది, సంతకం చిన్నదైతాందని, చెయ్యి చూపించుకోమని. నేను బోర్డు చూసుకుంటాంటి. యాభై మూడు. ఆమెకేం తెలుసులే అనుకుంటాంటి." ఎడమ చెయ్యి కుడి చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "మూడు నెల్ల కింద మౌలాలి నుంచి ఒకామె వచ్చింది. పిత్తాశయంలో రాళ్లు. గంట పని. లోపల రక్తనాళం తెగింది. పొట్ట కోసి ఆపాల్సి వచ్చింది. బతికింది, నెలన్నర మంచంలో ఉండింది. ఆ పొద్దు నేను ఈడికొచ్చి బోర్డు ముందర నిలబడితి. నువ్వు చాయ్ తెచ్చినావు, గుర్తుందా? యాభై మూడు అనుండాది. నా చెయ్యి కాదులే, ఆమె కడుపే అట్లుండాది అనుకుంటి."

"మీ చెయ్యేనా సార్ అది?"

"తెలీదు. మంచి చేతులున్నోళ్లకు గూడా తెగుతాది. ఇంగ ఎప్పటికీ తెలీదు. తెలీకుండా చేసింది మాత్రం నువ్వు."

కోపంతో అనలేదు. కోపంతో అనుంటే నేను ఇంత కాలం దాన్ని మోసేవాణ్ణి కాదు.

"పా" అని లేచాడు. "పిల్లోళ్లు వచ్చే లోపల."

గదిలో అక్క అప్పుడే వచ్చి మిషన్ మీద గుడ్డ తీస్తోంది. మా ఇద్దరి ముఖాలూ చూసింది. పొట్లం విప్పి పన్నెండు గింజలు లెక్కపెట్టి గిన్నెలో పోసింది. సార్ చేతులు కడుక్కున్నాడు, నిజం ఆపరేషన్‌కు కడుక్కున్నట్టు, మోచేతుల దాకా. పనిముట్లు పట్టుకున్నాడు.

"ఈసారి సరిగ్గా కొట్టు."

నేను చాలా ఆపరేషన్లు తెర మీద చూశాను. ఆ పన్నెండు గింజలంత కష్టమైంది చూడలేదు. ఎడమ మొన గింజ దగ్గరికి పోయి, పట్టుకునే ముందు సన్నగా అదిరేది, దీపం ఆరిపోయే ముందు అదిరినట్టు. పట్టుకుంటే వదలడానికి ఆలస్యం. నాలుగోది జారింది. ఏడోది పొట్టు ఊడింది, పక్కన పెట్టి, "ఇంగోటెయ్యి" అన్నాడు. అక్క పొట్లంలోంచి ఇంకొకటి వేసింది. ఎనిమిదో గింజ టింగుమంది. నా బొటనవేలు దానంతటదే బటన్ మీద బిగుసుకుంది. దాన్ని ఆపడానికి ఇంకో చేత్తో పట్టుకున్నాను. ఈ మాట అతిగా అనిపిస్తే అక్కను అడగండి, చూసింది.

పన్నెండోది పడింది. నొక్కాను.

"ఎంత?"

"తొంభై ఆరు సార్."

మూత తీయలేదు. గింజలు తినలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద యాభై మూడు తుడిచి, తనే రాశాడు. తొంభై ఆరు. పెద్దగా రాద్దామనే మొదలుపెట్టాడు. తొమ్మిది కొంచెం పెద్దగా వచ్చింది, ఆరు సగమే వచ్చింది.

పదింటికి ముప్పై మంది వచ్చారు. సార్ వాళ్ల ముందు నిలబడి మామూలు గొంతుతో చెప్పాడు. "ఇది నా ఆఖరు టైము. నేను ఈ పొద్దుతో ఆపరేషన్లు మానేస్తాండా, నా చెయ్యి బాగల్యా. దీన్ని దాటినోళ్లకు చాయ్ ఇప్పిస్తా. దాటనోళ్లు వేరే ఉద్యోగం చూసుకోండి."

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో తెలిసేలా సార్ చెప్పలేదు.

మూడు నెలలయ్యేసరికి ముప్పై మందీ దాటారు. మాట మాటే కదా. ఒక గురువారం సాయంత్రం సార్ ముందు, వెనక ముప్పై మంది డాక్టర్లు, ఆ వెనక నేనూ అక్కా తార్నాక హోటల్‌కు నడిచాం. హోటల్ ఆయన మమ్మల్ని చూసి ధర్నా అనుకుని షట్టర్ సగం దించాడు. పాలమూరు అమ్మాయి కూడా వచ్చింది. ఆమె టైమ్ యాభై ఎనిమిదికి వచ్చింది అప్పటికి. పైన అంకె మారాక చేతులు తేలికయ్యాయట. లెటర్ ఇంకా బ్యాగులోనే ఉందా అని అడిగితే, "మడతల కాడ చినిగింది అన్నా" అంది. ఇప్పుడు వాళ్ల జిల్లాలోనే ఆపరేషన్లు చేస్తోంది.

సార్ జబ్బుకు పేరుంది, మందులున్నాయి, పోవడం లేదు. చెయ్యి వణుకుతుంది, అడుగు చిన్నదవుతుంది, అక్షరం చిన్నదవుతుంది. పేరు తెలిశాక ఆయన మొదట చేసిన పని, నా బండి మీద కూర్చుని మౌలాలి పోవడం. గుట్ట కింద సందులో ఒక రేకుల ఇల్లు. ఆపరేషన్ జరిగిన ఆమె గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. సార్‌ను చూసి చేట పక్కన పెట్టి లేచింది. లేవడానికి పొట్ట పట్టుకుంది.

"అమ్మా, నీకు ఆపరేషన్ చేసినప్పుడు నా చెయ్యి బాగలేదు. నాకు అప్పుడు తెలీదు. తెలిసుంటే చేసేవాణ్ణి కాదు. చెప్పిపోదామని వచ్చినా."

ఆమె చాలాసేపు ఆయన చేతినే చూసింది. "ఇప్పుడు దవాఖానకు పోతున్నరా సార్?" అంది. తర్వాత, "కూసోండ్రి" అని కుర్చీ వేసింది. ఆయన తెలీదన్నాడు. నాకు తెలుసు. ఆమెకు ఆ సంగతి చెప్పాల్సింది నేను. బండి స్టాండ్ దగ్గర ఏదో పని ఉన్నట్టు వంగి నిలబడ్డాను. ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా నేను మంచివాణ్ణనిపిస్తుంటే ఈ పేరా ఇంకోసారి చదవండి.

సార్ నన్ను పట్టించలేదు. ఆఫీసులో ఒక్క మాట అనలేదు. ఇంకో ఏడాది ఆ గదిలోనే ఉండి, ప్రతి టైమూ ఉన్నదున్నట్టు రాశాను. కాంట్రాక్టు అయిపోయిన రోజు అక్క మిగిలిన పల్లీలు పొట్లం కట్టి ఇచ్చింది. ఇప్పుడు తూకం మిషన్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే కంపెనీలో పనిచేస్తున్నాను. నవ్వండి, నేను ముందే నవ్వేశాను.

స్టాప్‌వాచ్ గురించి చెప్పాల్సింది ఇంతే. బటన్ కొంచెం గట్టిగా ఉంటుంది, బొటనవేలితో నిలువుగా నొక్కాలి. చివరి గింజ పడ్డాకే.

నెలకో ఆదివారం సార్ నన్ను తార్నాక హోటల్‌కు పిలుస్తాడు. మొదటిసారి పిలిచినప్పుడు తిట్టడానికేమో అనుకున్నాను. చాయ్ చెప్పి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు.

"నా డాక్టరు నెలనెలా రాసుకురమ్మంటాడు రా, కప్పు ఎత్తి తాగేదానికి ఎంతసేపు పడతాందో. ఇంట్లో మా ఆమె తగ్గించి చెప్తాది. నేను బాధపడ్తానని. ఈ పనికి నాకు నువ్వు కావల్ల."

ఫోన్ తీసి స్టాప్‌వాచ్ తెరిచాను. నేనే ఎందుకో అడగాల్సిన పని లేకుండా ఆయన ముఖం ఉంది.

మొన్న ఆదివారం కూడా కూర్చున్నాం. హోటల్‌లో ఆ మూల టేబుల్ మాకు అలవాటు, అక్కడ ఎవరూ తేరిపార చూడరు. సార్ సగం నింపిన కప్పు చెవిని పట్టుకున్నాడు. సాసర్ గలగలమంది. కప్పు లేచింది, మధ్యలో ఆగింది, కొంచెం చొక్కా మీద ఒలికింది, మళ్లీ లేచింది. నేను సాయం పట్టుకోకూడదు, అది నియమం. ఫోన్‌లో అంకెలు పరుగెత్తుతున్నాయి. పెదవులకు తగిలింది. ఒక గుక్క. కప్పు కింద పెట్టాడు. నొక్కాను.

"ఎంత రా?"

నలభై మూడు. పోయిన నెల ముప్పై ఆరు. నా నోట్లో ముప్పై ఎనిమిది తయారుగా ఉంది, వేడివేడిగా, చప్పట్లతో సహా.

"నలభై మూడు సార్."

ఆయన తలూపి, పెన్ను తీసి నోటుబుక్కులో రాసుకున్నాడు. తల వంచి చూశాను. నాలుగు, పక్కన మూడు. రెండూ కలిపి ఆవగింజంత ఉన్నాయి.

"చూసినావా," అన్నాడు సార్ పుస్తకం మూస్తూ, "సిరా ఎంత మిగుల్తాందో."